సెల్ఫ్ కొట్టుడు ఆపుండ్రి

బండి స్టార్ట్ కాకపోతే ఎవరైనా చేసే మొదటి పని మళ్లీ తాళం తిప్పడం. రెండో పని ఇంకాసేపు తిప్పడం. మూడోసారికి బ్యాటరీ నీరసపడి టకటకమంటుంది. అప్పుడు ఎక్సలేటర్‌ని నాలుగైదు సార్లు గట్టిగా తొక్కి, కొండగట్టు అంజన్నకు మొక్కుకుని, నాలుగోసారి తిప్పుతాం. కరీంనగర్ బైపాస్ పక్క రేకుల షెడ్డులో పనిచేసే ఒక మెకానిక్ ఉన్నాడు. పాత కార్లున్నవాళ్లంతా ఆయన్ని ఉస్తాద్ అనే పిలుస్తారు. ఆయన ఫోన్లోనే అడిగే మొదటి మాట: "సెల్ఫ్ ఎన్నిసార్లు కొట్టిండ్రు?" జవాబు పూర్తికాకుండానే రెండో మాట: "ఇగ ఆపుండ్రి. నేనచ్చెదాక తాళం ముట్టకుండ్రి."

మెకానిక్ పనితనం గురించి చెప్పాలంటే మనవాళ్లు విప్పడం, బిగించడం గురించే చెప్తారు. రాత్రికి రాత్రి ఇంజన్ దించి ఎక్కించినవాణ్ని మెచ్చుకుంటారు. ఈయన దగ్గర నన్ను ఆకట్టుకుంది చెయ్యి ఆగే తీరు. మునిగిన ఇంజన్ దగ్గర తొందరపడి చేసే ప్రతి పనీ రోగాన్ని పెంచుతుంది. ఎక్కడ చెయ్యి పెట్టకూడదో, ఎంతసేపు పెట్టకూడదో తెలిసి ఉండటం ఈ పనిలో సగం విద్య.

మా ఉత్తర తెలంగాణలో ఇంజన్ మునగడానికి రెండు దార్లున్నాయి. చలికాలం పెట్రోల్‌లో మునుగుతుంది, వానాకాలం నీళ్లల్లో మునుగుతుంది. ముందు పెట్రోల్ సంగతి.

పెట్రోల్ ద్రవంగా మండదు, ఆవిరై గాలితో కలిస్తేనే మండుతుంది. ఒక కిలో పెట్రోల్ సరిగ్గా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఈ లెక్క దానంతట అదే కుదురుతుంది. చల్లగా ఉన్నప్పుడు మాత్రం లోపలికి పోయిన పెట్రోల్‌లో కొంతే ఆవిరవుతుంది, మిగతాది గోడలకు అంటుకుంటుంది. ఆదిలాబాద్ ఏజెన్సీలో, సిర్పూర్(యు) వైపు, డిసెంబరు, జనవరి తెల్లవారుజామున చలి ఐదారు డిగ్రీలకు దిగుతుంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరిగేది కూడా ఆ చలిలోనే. కార్బొరేటర్ బండ్ల కాలంలో రాత్రంతా మంచులో నిలబడ్డ పెట్రోల్ జీపు పొద్దున లేవాలంటే చోక్ గుంజాల్సిందే. చోక్ గుంజితే గాలి దారి మూసుకుపోయి, జెట్ నుంచి పెట్రోల్ ఎక్కువ వస్తుంది. ఇంజన్ అందుకోగానే చోక్ నెట్టేయాలి. అందుకోకపోయినా చోక్ అట్లాగే ఉంచి సెల్ఫ్ కొడుతూ పోతే, గుంజిన పెట్రోల్ కాలదు, బయటికీ పోదు. ప్లగ్గులు తడిసిపోతాయి. ఇక ఆ బండి ఎంత కొట్టినా లేవదు.

ఇప్పుడు చోక్ ఉన్న కార్లు ఎన్ని మిగిలాయని అడగొచ్చు. మారుతీ 800 మొదటి కారు 1983 డిసెంబరులో ఇచ్చారు, చివరివి 2014 జనవరిలో తయారయ్యాయి. అందులో 2000 ప్రాంతం దాకా వచ్చినవాటిలో చాలావాటికి కార్బొరేటరే. అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు, పెట్రోల్ జీపులు ఉన్నవాళ్లు ముచ్చటకు ఉంచుకున్నవాళ్లే. ఉస్తాద్ షెడ్డుకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం కొత్త బండ్లే. కానీ ఆయన పని నేర్చుకున్నది కార్బొరేటర్ మీద. ఆ చదువు ఎంత లోతుదో పాత మారుతీ ముందు నిలబడితే కనిపిస్తుంది.

రాగానే బానెట్ ఎత్తడు. వెనక్కి పోయి సైలెన్సర్ పైపు దగ్గర వంగి వాసన చూస్తాడు. పచ్చి పెట్రోల్ వాసన గుప్పుమంటే సగం సంగతి అక్కడే తేలినట్టు. వాసన లేకపోతే రోగం వేరు: పెట్రోలే రావట్లేదు. ఈ తేడా మా ఎండల్లో మరీ ముఖ్యం. మే నెలలో రామగుండం 45 డిగ్రీలు దాటినప్పుడు పైపులో, పంపులో పెట్రోల్ ఆవిరై బుడగలు కట్టి, కార్బొరేటర్‌కు చుక్క అందదు. అప్పుడు పంపు మీద తడిగుడ్డ వేసి చల్లార్చాలి. అదే ఎండలో ఇంకో చిత్రం కూడా జరుగుతుంది. పెద్దపల్లిలో టీ కోసం ఆపిన బండిలో, ఆపిన పది నిమిషాలకు ఇంజన్ సెగకు కార్బొరేటర్ గిన్నెలోని పెట్రోల్ మరిగి పొంగి లోపలికి కారిపోతుంది. తిరిగొచ్చి తాళం తిప్పితే లేవదు. పైకి చూస్తే ఈ రెండూ ఒక్కటే: మండుటెండ, చచ్చిన ఇంజన్. ఒకదానికి పెట్రోల్ కావాలి, ఇంకోదానికి గాలి కావాలి. చేతికందిన వైద్యం చేసేవాడు రెండింటికీ చోక్ గుంజి చూస్తాడు. ఉస్తాద్‌కు ముక్కు ఒక్కటి చాలు.

తర్వాత బానెట్. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి కార్బొరేటర్ గొంతులోకి టార్చి వేస్తాడు. తాళం ముట్టకుండా, ఎక్సలేటర్ లింకును వేలితో చిన్నగా కదుపుతాడు. సన్నటి పెట్రోల్ ధార చిమ్మితే గిన్నెలో పెట్రోల్ ఉన్నట్టు. కంగారులో ఎక్సలేటర్‌ని టపటపా తొక్కేవాళ్లకు ఈ ధార చూపించాలి. తొక్కిన ప్రతిసారీ ఇదే ధార ఇంజన్‌లోకి పోతుంది. మునిగినవాడి నోట్లో ఇంకో చెంబు నీళ్లు పోసినట్టు.

ఇక ప్లగ్గులు. ఇక్కడ ఆయన చేతుల్ని దగ్గరగా చూడాలి. ప్లగ్ పానాతో అర చుట్టు మాత్రమే వదులు చేసి ఆగుతాడు. నోటితో గట్టిగా ఊది, ప్లగ్ చుట్టూ పేరుకున్న దుమ్ము, ఇసుక ఎగరగొట్టి, అప్పుడు పూర్తిగా విప్పుతాడు. లేకపోతే ఆ ఇసుక తిన్నగా సిలిండర్‌లో పడుతుంది. మారుతీకి ఉండేవి మూడు ప్లగ్గులు, తీసిన మూడింటినీ పాత పేపర్ మీద వరసగా పెడతాడు: బెల్టు వైపు నుంచి ఒకటి, రెండు, మూడు. వరస తప్పితే షెడ్డులో పోరనికి తిట్లు తప్పవు. ఎందుకంటే ఆ వరసే ఆయనకు రిపోర్టు. మూడూ ఒకే తీరుగా తడిసి ఉంటే తప్పు పైన ఉంది: చోక్, ఫ్లోట్, నడిపినవాడి కాలు. ఒక్కటే తడిసి మిగతా రెండూ పొడిగా ఉంటే ఆ ఒక్క సిలిండర్‌కే కరెంటు అందట్లేదు. అప్పుడు ఆ వైరు, ఆ ప్లగ్, డిస్ట్రిబ్యూటర్ మూతలో ఆ గడి చూడాలి. తడి లేకుండా నల్లటి పొడి మసి పట్టి ఉంటే చాలా రోజులుగా పెట్రోల్ ఎక్కువ తాగుతున్న బండి అది, ఇవాళ్టి చలి మీద నింద వేయడానికి లేదు.

తడి ప్లగ్గు ఎందుకు పనిచేయదో ఆయన పోరనికి చెప్తుంటే విన్నాను. కరెంటు సులువైన దారే చూసుకుంటుంది. ప్లగ్గు మొనల మధ్య 0.7, 0.8 మిల్లీమీటర్ల సందు దాటి దూకడం కంటే, మసీ పెట్రోలూ కలిసి అంటుకున్న తెల్ల పింగాణి మీదుగా జారి బాడీలోకి పోవడం దానికి తేలిక. అందుకే ఇనుప బ్రష్ పెట్టి ఆ పింగాణిని రుద్దడం ఆయన ఒప్పుకోడు. ఇనుప గీతలు పింగాణి మీద మిగిలితే కరెంటుకు మనమే కొత్త బాట వేసిపెట్టినట్టు. పాత టూత్‌బ్రష్‌తో తుడుస్తాడు, ఊదుతాడు, ఎండ ఉంటే ఎండలో పెడతాడు. కొందరు స్టవ్ మంట మీద ప్లగ్గును ఎర్రగా కాల్చి బిగిస్తారు. బండి లేస్తుంది, నిజమే. ఆ కాల్చుడులో పింగాణి నెర్రె విచ్చితే వారానికి మళ్లీ షెడ్డుకే.

ప్లగ్గులు ఆరుతుండగా ఇంజన్‌ను ఆరబెట్టాలి. ఇప్పుడు, మొదటిసారి, సెల్ఫ్ కొట్టమంటాడు. అంతకు ముందు కాయిల్ వైరు పీకి పక్కన కట్టేస్తాడు. చుట్టూ నిలబడ్డవాళ్ల చేతుల్లో బీడీ, సిగరెట్ ఉన్నాయేమో చూస్తాడు. ప్లగ్గుల బొక్కల్లోంచి పెట్రోల్ మంచులా చిమ్ముతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. చోక్ పూర్తిగా నెట్టి, ఎక్సలేటర్‌ని మెల్లగా అడుగుదాకా తొక్కి పట్టాలి. వదలకూడదు, ఊపకూడదు. అట్లా పడితే గాలి దారి పూర్తిగా తెరుచుకుంటుంది. ఐదారు సెకండ్లు కొట్టి ఆపుతాడు, ఇంకోసారి కొట్టి ఆపుతాడు. సెల్ఫ్ మోటారు కొన్ని సెకండ్ల పనికి చేసింది, నిమిషాలపాటు తిప్పితే దాని వైండింగే కాలిపోతుంది.

ఆ తర్వాత చాయ్. అవును, చాయ్. ఇరవై నిమిషాలు బండిని ఎవరూ ముట్టరు. పక్కనున్న ఓనర్‌కు ఇది ఎంత మాత్రం నచ్చదు. డబ్బులిచ్చి పిలిపించుకున్న మెకానిక్ గ్లాసు పట్టుకుని కూర్చుంటే ఎవరికి నచ్చుతుంది? కానీ బొక్కలు తెరిచి ఉన్న ఆ ఇరవై నిమిషాల్లో లోపలి తడి ఆవిరైపోతుంది, ఏ పానా చేయలేని పని గాలి చేస్తుంది.

ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టిన బండి అయితే ఇంకో చిక్కుంది. పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. ఆయిల్ పొర లేకపోతే పిస్టన్ రింగుల దగ్గర గాలి జారి కంప్రెషన్ పడిపోతుంది. అప్పుడు కరెంటు బాగున్నా, పెట్రోల్ సరిపడా ఉన్నా లేవదు. ఒక్కో బొక్కలో కొద్ది చుక్కల ఇంజన్ ఆయిల్ వేసి రెండు చుట్లు తిప్పుతాడు. లేచాక నీలిరంగు పొగ వస్తుంది, కాసేపటికి పోతుంది. డిప్ స్టిక్ తీసి వాసన చూడటం కూడా మరవడు. ఆయిల్ పెట్రోల్ కంపు కొడుతూ, గీత కంటే పైకి వచ్చి ఉంటే ఆ పల్చబడ్డ ఆయిల్‌తో బండి నడపనివ్వడు.

ప్లగ్గు తిరిగి బిగించడంలో ఒక చిన్న కిటుకు ఉంది. నాకు బాగా నచ్చిందదే. మారుతీ హెడ్డు అల్యూమినియంది, మెత్తన. ప్లగ్గు వంకరగా ఎక్కి పానాతో బలం పడితే మరలు చెడిపోతాయి, ఖర్చు వేలల్లోకి పోతుంది. ఉస్తాద్ జేబులో జానెడు రబ్బరు పైపు ముక్క ఉంటుంది. దాన్ని ప్లగ్గు నెత్తికి తొడిగి, రెండు వేళ్లతో తిప్పుతాడు. మర సరిగా పడితే ప్లగ్గు దానంతట అదే దిగుతుంది. వంకరగా పడితే రబ్బరు ప్లగ్గు మీద జారిపోతుంది, లోపల ఏమీ చెడదు. పానా చివరి పావు చుట్టుకే.

చోక్ తప్పు కాదు, కాలు తప్పు కాదు, అయినా రోజూ మునుగుతున్న బండి వస్తే అసలు వేట మొదలవుతుంది. కార్బొరేటర్ గిన్నెలో ఒక ఫ్లోట్ తేలుతుంటుంది. పెట్రోల్ నిండగానే అది పైకి లేచి నీడిల్‌ను నొక్కి దారి మూస్తుంది. నీడిల్ కింద ట్యాంకులోంచి వచ్చిన నలుసు ఇరుక్కుంటే దారి మూసుకోదు. పైమూతను తలకిందులు చేసి, పైపు నోట్లో పెట్టుకుని ఊది చూస్తాడు. ఊపిరి ఆగితే నీడిల్ మంచిది, సన్నగా జారినా మార్చాల్సిందే. పాత ఫియట్, జీపు కార్బొరేటర్లలో ఇత్తడి ఫ్లోట్లుంటాయి. వాటికి సూది మొనంత చిల్లి పడితే లోపలికి పెట్రోల్ ఎక్కి, తేలాల్సింది మునిగిపోతుంది. చెవి దగ్గర పెట్టి ఊపుతాడు, లోపల చుక్క కదిలితే వినపడుతుంది. చిల్లి ఎక్కడో కంటికి కనపడదు. వేడినీళ్ల గిన్నెలో ముంచుతాడు. లోపలి పెట్రోల్ ఆవిరై, చిల్లి ఉన్నచోట బుడగలు వరస కడతాయి. అక్కడ గోటితో గీత పెట్టుకుంటాడు. లోపలి పెట్రోల్ పూర్తిగా పోయిందాకా వేడినీళ్లల్లోనే ఉంచుతాడు. పెట్రోల్ ఆవిరి ఉన్న డబ్బా మీద టంకం కడ్డీ పెట్టడమంటే చేతిలో బాంబు పట్టుకోవడమే.

తర్వాత టంకం. చిల్లి మూయడం ఎవరికైనా వచ్చు. ఎంత టంకం పెట్టాలన్నదే సంగతి. బొట్టు పెద్దదైతే ఫ్లోట్ బరువెక్కుతుంది, బరువెక్కితే లోతుగా తేలుతుంది, లోతుగా తేలితే గిన్నెలో పెట్రోల్ మట్టం పెరుగుతుంది. అంటే చిల్లి మూసిన చేత్తోనే బండిని మళ్లీ ముంచినట్టు. ఆయన మిరియపు గింజలో సగం కూడా పెట్టడు, చల్లారాక ఎమరీ పేపరుతో రుద్ది దాన్నీ తగ్గిస్తాడు. ఆపైన ఫ్లోట్ నాలుకను వెంట్రుకవాసి వంచి మట్టం సరిచూస్తాడు. సిల్వర్ ఫిలిగ్రీతో పేరు తెచ్చుకున్న ఊరు కరీంనగర్. వెండితీగెల మీద టంకం మరక కనపడనివ్వని పనివాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. ఉస్తాద్‌కూ వాళ్లకూ పరిచయం లేదు గానీ, ఆ ఫ్లోట్‌ను వాళ్ల ముందు పెడితే తల ఊపుతారని నా నమ్మకం.

కొత్త బండ్లు మునగవనుకోవద్దు. చోక్ పని ఇప్పుడు కంప్యూటర్ చేస్తుంది, చల్లటి ఇంజన్‌కు అదే ఎక్కువ పెట్రోల్ చిమ్ముతుంది. చలికాలం పొద్దున కారు కడగడానికని స్టార్ట్ చేసి, పదడుగులు ముందుకు జరిపి బంద్ చేస్తారు చూడండి, అక్కడొస్తుంది తంటా. ఎక్కువ చిమ్మిన పెట్రోల్ కాలకముందే ఇంజన్ ఆగిపోయింది. సాయంత్రం తాళం తిప్పితే తిరుగుతుంది, లేవదు. చాలా కార్లలో దీనికి మందు కంప్యూటర్‌లోనే పెట్టారు: ఎక్సలేటర్ అడుగుదాకా తొక్కి పట్టి, ఆ తర్వాత సెల్ఫ్ కొడితే ఇంజెక్టర్లు పెట్రోల్ బంద్ చేస్తాయి, గాలి మాత్రమే పోతుంది. పాత మారుతీ దగ్గర ఉస్తాద్ కాలితో చేయించేదీ ఇదే. స్కానర్ ఆయన దగ్గరా ఉంది. ముందు వాసన చూసి, తర్వాతే స్కానర్ పెడతాడు. తోసి స్టార్ట్ చేసే అలవాటును మాత్రం గట్టిగా తిడతాడు. మునిగిన కొత్త బండిని తోస్తే కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోని కన్వర్టర్‌లోకి పోయి, అక్కడ వేడెక్కి దాన్ని కాలుస్తుంది. అది ఎంత ఖరీదో కొన్నవాళ్లకే తెలుసు.

ఇక నీళ్లు. 2021 సెప్టెంబరులో సిరిసిల్ల వీధులు చెరువులయ్యాయి. 2022 జులైలో కడెం ప్రాజెక్టు మీది నుంచి నీళ్లు పొంగిపొర్లిన రోజుల్లోనే, గోదావరి ఎగదన్ని మంచిర్యాలలో కాలనీలు మునిగాయి. వరద తీసినంక బురద కడిగి, పైన తళతళలాడుతున్న కారును చూసి, తాళం తిప్పుదామనిపించడం సహజం. అక్కడే ఇంజన్ పోతుంది. మారుతీ 800 లెక్కే చూడండి. 796 సీసీ, మూడు సిలిండర్లు, ఒక్కోటి 265 సీసీ. కంప్రెషన్ రేషియో సుమారు 8.7. పిస్టన్ పైకంటా వచ్చినప్పుడు పైన మిగిలే చోటు 35 మిల్లీలీటర్లు కూడా ఉండదు, దగ్గు మందు మూతతో మూడు నాలుగు మూతలు. గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. అంతకు మించి నీళ్లుంటే పిస్టన్ ఆగిపోతుంది, వెనక నుంచి వస్తున్న బలానికి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. డీజిల్ బండిలో ఆ చోటు ఇంకా ఇరుకు. అట్లా సెల్ఫ్ కొట్టి చెడగొట్టుకున్న ఇంజన్‌కు మామూలు ఇన్సూరెన్స్ పాలసీ కింద డబ్బులు రావడం కూడా కష్టమే, ఇంజన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకుని ఉండాలి.

ఇక్కడ ఆయన మొదట ముట్టేది బ్యాటరీ టెర్మినల్, అదీ విప్పడానికి. తర్వాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా. కాగితం పొడిగా ఉంటే ప్రాణం లేచొస్తుంది, తడిసి బురద పట్టి ఉంటే నీళ్లు లోపలికి పోయాయనే లెక్క. డిప్ స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే అడుగు దాకా చేరాయన్నట్టు. ప్లగ్గులన్నీ తీసి (డీజిల్ అయితే హీటర్ ప్లగ్గులో, ఇంజెక్టర్లో), క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి చేత్తో తిప్పుతాడు. మోటారుకు బలం తెలుసు, అడ్డం తెలియదు. చేతికి అడ్డం తగలగానే తెలుస్తుంది, ఆగుతుంది. బొక్కల్లోంచి బురదనీళ్లు ఎగజిమ్ముతాయి. ఆయిల్ దించి కొత్తది పోసి, కాసేపు తిరిగాక దాన్నీ దించేస్తాడు. మొదటి ఆయిల్ కడగడానికే.

ఎవరో ఆయన కంటే ముందే సెల్ఫ్ కొట్టి ఉంటే, రాడ్ వంగిందో లేదో ఇంజన్ విప్పకుండా కనుక్కోవాలి. ప్లగ్గు బొక్కలో సన్నటి కడ్డీ నిలబెట్టి, పిస్టన్ పైకంటా వచ్చేదాకా చేత్తో తిప్పి, కడ్డీ మీద హెడ్డు అంచు దగ్గర గీత పెడతాడు. మూడు సిలిండర్లకూ అదే కడ్డీ, అదే గీత. మూడు గీతలూ ఒక్కచోట కలిస్తే రాడ్లు తిన్నగా ఉన్నట్టు. ఒకటి కొద్దిగా పొట్టిపడితే ఆ రాడ్ వంగింది. "గీ సన్న తేడానే సార్, రేపు బ్లాకును పలగ్గొడ్తది," అని ఓనర్‌కు గీతలు చూపించి, ఇంజన్ దించాలా వద్దా అన్నది ఆయనకే వదిలేస్తాడు.

ఇట్లాంటి పనికి బిల్లు రాయడం మాత్రం చిక్కే. ప్లగ్గులు ఆరబెట్టి లేపిన బండిలో కొత్త సామాను ఒక్కటీ పడలేదు. "ఏం మార్చినవని ఐదు వందలు?" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఉస్తాద్ వాదించడు. బిల్లు మీద ప్లగ్ క్లీనింగ్, ఆయిల్ చెకింగ్ అని రాస్తాడు, బేరమాడితే వంద తగ్గిస్తాడు. నన్నడిగితే మార్చాల్సిన అవసరం లేని సామాను మార్చకపోయినందుకే ఐదు వందలు తక్కువ. డబ్బులు జేబులో పెట్టుకుంటూ కిటికీ దగ్గరికొచ్చి, కదలబోతున్న బండిని ఆపుతాడు. "తిన్నగా ఇంటికి పోయి బంద్ చెయ్యకుండ్రి సార్. తిమ్మాపూర్ దాక పోయి రాండ్రి. ఇంజన్ జర గరం కావాలె, ఆయిల్ల కలిసిన పెట్రోల్ పోవాలె. తొవ్వల చోక్ గుంజకుండ్రి."